మూడే తూటాలు

వేటగాని తుపాకికి చట్టం బిరడా బిగించిన వింత కథ ఒకటి పాఠకులకు మనవి చేస్తున్నాము.

అమెరికాలో వలస బాతులను వేటాడే షాట్‌గన్‌లో మొత్తం మూడు తూటాలకు మించి పట్టరాదు. ఎక్కువ పట్టే తుపాకిలో ఒకే ముక్కగా చేసిన బిరడా దూర్చాలి. తుపాకిని విప్పనిదే అది ఊడి రాకూడదు.

ఈ కట్టడి 1935లో వచ్చింది. అప్పటికే ఆ దేశం ఒక గుణపాఠం నేర్చివున్నది. ఒకనాడు ఆకాశాన్ని కమ్మిన పాసెంజర్ పావురాలలో చిట్టచివరిది 1914లో సిన్సినాటి జంతుశాలలో కన్నుమూసింది. 1930ల అనావృష్టికి మడుగులెండి, బాతులూ తరిగిపోయాయి. అందుచేత వేటను బొత్తిగా మాన్పించక, తుపాకి ఆకలికే హద్దు పెట్టారు. ఎర వేసి కొట్టడాన్నీ ఆ ఏడే నిషేధించారు.

అయితే ఈ చట్టం కళ్లు మూసుకొని కూర్చోలేదు. స్నో గూస్ అనే తెల్ల బాతులు మితిమీరి పెరిగి, ఉత్తర ధ్రువ ప్రాంతపు పచ్చికను వేళ్లతో సహా పెకలించి తింటూంటే, 1999లో వాటి వరకు ప్రత్యేక వేటలో బిరడా తీయనిచ్చారు.

బిరడా చిన్నదే. కాని ‘ఇక చాలు’ అనే మాట మనిషికి తనంతట తోచనప్పుడు, దానిని తుపాకి చేత అనిపించడం తెలివైన పనే అని మా అభిప్రాయం.