పాత కారు తలుపు: రబ్బరు కంటె ముందు బందు

తొలకరి వానలు మొదలైనంతనే పాత కార్లు గలవారికి ఒక సంగతి తెలిసివచ్చును. రాత్రి బయట నిలిపిన కారును తెల్లవారి తెరచి చూచినచో కాలిక్రింది చాప తడిసి ముద్దయై యుండును. గరాజునకు తీసికొనిపోగా, “బీడింగ్ పోయిందండీ, కాస్త లావుది వేసేద్దాం” అందురు. తలుపు చుట్టునుండు రబ్బరు పట్టీనే వారు బీడింగ్ అందురు. చాలమంది అంతటితో సమాధానపడుదురు. పొరపాటు అచ్చటనే ఉన్నది.

మా మిత్రులొకరికి తండ్రిగారి నాటి అంబాసిడరు కారు కలదు. వారును అట్లే లావు రబ్బరు వేయించిరి. ఆనాటి నుండి తలుపును బాదిన గాని అది పడుట మానినది. ఆరు మాసములు తిరుగకమునుపే తలుపు మరింత జారినది. వాన మరల లోనికి వచ్చినది. ఒకనాడు ఆ కారులో గుంటూరు నుండి ఒంగోలునకు అద్దములన్నియు ఎత్తుకొని పోయితిమి. దిగునప్పటికి మాకు తల పగిలిపోవుచుండెను. ఎండదెబ్బ యనుకొంటిమి. తిరుగు ప్రయాణము రాత్రివేళ, చల్లని గాలిలో; అప్పుడును అదే తలనొప్పి, పైగా మత్తు. సైలెన్సరు గొట్టమునకు బొక్క యున్నదనియు, వెనుక తలుపు సందులగుండ ఆ పొగ లోనికి వచ్చుచున్నదనియు తరువాత తేలినది. కారు పరుగెత్తునప్పుడు దాని వెనుక గాలి పలుచనై, పొగ అచ్చటనే సుడి తిరుగును. సందు దొరికినచో లోనికి దూరును. అందులోని కార్బన్ మోనాక్సైడునకు రంగు లేదు, వాసన లేదు. కావున తలుపు సందు కేవలము చాప తడియుటకు సంబంధించిన విషయము కాదు.

రబ్బరు చేయవలసిన పని సమానముగా నున్న సందును మూయుట. వంకరగా నున్న తలుపును సరిచేయుట దాని పని కాదు. వంకర తలుపునకు లావు రబ్బరు పెట్టినచో ఇరుకైనచోట అది తలుపును బయటికి తన్నును. వెడల్పైనచోట అంటనే అంటదు. మూసిన ప్రతిసారి ఆ దెబ్బ బందుల మీద పడును. కనుక మొదట తలుపు కుదురు చూడవలెను, రబ్బరు చిట్టచివర.

కారును సమతలమున, తన చక్రముల మీదనే నిలుపవలెను. తలుపును సగము తెరచి, లాకు వైపు చివర క్రిందిభాగమును పట్టుకొని మెల్లగా పైకెత్తి చూడవలెను. బందులో చీల ఆడుచున్నచో అరుగుదల చీలదియో, దాని గుల్లదియో. బందు మొత్తము పిల్లరుతో గూడ కదలుచున్నచో మరలు వదులైనవి, లేదా రేకు పగిలినది. పైబందునకు క్రిందిబందునకు నడుమ ఒక అడుగు, తలుపు పొడవు మూడడుగులు అనుకొందము. బందులో ఒక మిల్లీమీటరు ఆట యున్నచో తలుపు చివర మూడు మిల్లీమీటర్లు జారును. చీలకును గుల్లకును అగు ఖర్చు స్వల్పము. దానిని మాని రబ్బరు కొనుచుందుము.

పిల్లరు మీద లాకును పట్టుకొను బిళ్లను స్ట్రైకరు అందురు. దానిని విప్పి ప్రక్కన పెట్టి, తలుపును చేతితో మెల్లగా దగ్గరకు తెచ్చి చూడవలెను. స్ట్రైకరు ఉన్నంతకాలము అది జారిన తలుపును ఎత్తి పట్టి నిజమును దాచును. అది లేనప్పుడు తలుపు తనంతట తాను ఎచ్చట వ్రేలాడునో కనబడును. చుట్టును సందు సమానముగా నుండవలెను. 4 మిల్లీమీటర్లా, 5 మిల్లీమీటర్లా యన్నది అంత ముఖ్యము కాదు. బందులు సరిచేసిన పిదప స్ట్రైకరును మరల బిగించి, తలుపు మూసికొనునప్పుడు పైకి లేవకుండ, క్రిందికి దిగకుండ అమర్చవలెను.

1950ల నాటి ఫియట్ 1100 కార్లు గలవారు ఈ విషయమున మరింత జాగరూకులై యుండవలెను. వానిలో ముందు తలుపుల బందులు వెనుకవైపున నుండును. పరుగులో లాకు వదలినచో ఎదురుగాలి తలుపును మూయదు, విరియబట్టి లాగును.

బందులు క్రొత్తవైనను సందు కుదరకున్నచో అనుమానించవలసినది గడపను, అనగా తలుపు క్రిందనుండు పెట్టెవంటి రేకును. అంబాసిడరునకు గాని, ప్రీమియర్ పద్మినికి గాని వేరే చట్రము లేదు; ఒడలే చట్రము. గడప తుప్పు పట్టినచో కారు నడుము వంగును. తలుపు మూసియుంచి గడప క్రింద జాకీ ఎత్తునప్పుడు సందు మారుచున్నచో సంగతి అదే. విశాఖపట్నము, కాకినాడ వంటి సముద్రతీరపు ఊళ్ల కార్లకు ఈ జబ్బు మిక్కుటము. అట్టి గడపను కోయుటకు ముందు తలుపు ఖాళీలో అడ్డముగా ఇనుపకడ్డీ వెల్డింగు చేయించి తీరవలెను. లేనిచో ఒడలు కోతలోనే వంగిపోవును. తొందరపడు టింకరును ఈ ఒక్క విషయమున ఆపవలెను.

ఇక రబ్బరు. అంబాసిడరు తయారీ 2014లో ఉత్తరపాడాలో నిలిచిపోయినది. పద్మిని అంతకు చాల ముందే ఆగినది. అయినను విజయవాడ ఆటోనగరు వంటి చోట్ల వెదకినచో వీనికి సరిపడు పట్టీలు దొరకును. పాతదానిలో నలగని ముక్కను రెండంగుళములు కోసికొని పోవుట మేలు. ముక్కయే మిగులనిచో గోధుమపిండి ముద్దను పలుచని ప్లాస్టికు కాగితములో చుట్టి, తలుపు వాసమున నాలుగైదు చోట్ల అంటించి తలుపు మూసి తెరువవలెను. నలిగిన ముద్ద మందమే అచ్చటి ఖాళీ. రబ్బరు దానికంటె కొంచెము లావుండి, మూసినప్పుడు మూడవవంతు నలిగిన చాలును. సహజ రబ్బరు ఎండకును గాలిలోని ఓజోనుకును పగుళ్లువారును. ఈపీడీఎం అను కృత్రిమపు స్పాంజి రబ్బరు వానిని బాగుగా తట్టుకొనును.

పాత జిగురును పూర్తిగా గీకి, తుప్పునకు రంగు వేసి ఆరనిచ్చిన పిదప అంటించవలెను. జిగురు రెండువైపుల పూసి, వ్రేలికి అంటుకొననంతవరకు ఆరనీయవలెను. పట్టీని లాగరాదు, లాగి అంటించినది కొన్ని నెలలకు కుదించుకొని మూలలయందు విడిపోవును. అతుకు క్రిందిభాగమున రావలెను. తరువాత సుద్దపొడిని రబ్బరు మీద అద్ది తలుపు మూసి తెరచినచో, ఎదుటి రేకు మీద గీత ఎచ్చట తెగినదో అచ్చటనే సందున్నది. రబ్బరు బిగుసుకొనకుండ గ్రీసు పూయు అలవాటు కొందరికి కలదు. పెట్రోలియపు నూనెలు రబ్బరును ఉబ్బించి పాడుచేయును. టాల్కం పొడి గాని సిలికోను గాని వాడవలెను.

ఇంత చేసినను నీరు తలుపు లోపలికి కొంత దిగుచునే యుండును. అద్దము ప్రక్కన అట్టి దారి ఎల్లప్పుడును ఉండును. ఆ నీరు బయటికి పోవుటకే తలుపు అడుగున చిన్న రంధ్రములు పెట్టిరి. అవి బురదతో పూడినచో తలుపు కుండవలె నిండి, క్రింది రేకు లోపలినుండి పుచ్చిపోవును. ఒక తీగముక్కతో వానిని పొడిచి శుభ్రపరచుట వానకాలమునకు ముందు చేయదగిన పని.

క్రొత్త రబ్బరు వేసిన తలుపు మొదటి కొద్దివారములు కొంచెము బిగువుగా పడును. లోపలి గాలికి దారి లేకపోవుటయు అందుకొక కారణము. అప్పుడు స్ట్రైకరును వదులుచేయుడని గరాజు వారిని తొందరపెట్టక, ప్రక్క అద్దమును రెండంగుళములు దింపి తలుపు మూసి చూడుడు.