జాన్ బకింగ్‌హామ్ అను రౌతు చరిత్రము

గుఱ్ఱపు పందెములనగానే చదునైన పచ్చికబయలుపై గుఱ్ఱములు బారులు దీరి పరుగెత్తుట మనకు స్ఫురించును. మన దేశమున విశేషముగా జరుగునవి యట్టి పందెములే. ఇంగ్లండు, ఐర్లండు దేశములలో వీనితోపాటు మఱియొక విధమైన పందెము గలదు. అందు పరుగు మాత్రమే చాలదు. త్రోవకడ్డముగా గట్టిన కంచెలను, కందకములను గుఱ్ఱము దుమికి దాటవలెను. అట్టి పందెమున నొక్క దినము ప్రసిద్ధుడై, పిమ్మట ముప్పది యేండ్లు ఇతరులకు సేవచేసి జీవించిన జాన్ బకింగ్‌హామ్ అను రౌతు వృత్తాంతము మన విద్యార్థులకు దెలియదగినది.

ముందుగా నీ పందెముల పుట్టుక నెఱుగుట మంచిది. 1752వ సంవత్సరమున ఐర్లండునందలి కార్కు మండలములో నిద్దఱు పెద్దమనుష్యులు తమ గుఱ్ఱములలో నేది మేలైనదో తేల్చుకొన దలచి, బట్టివంట్ అను నూరి దేవాలయము నొద్దనుండి డానరెయిల్ అను నూరి దేవాలయము వఱకు పందెము వేసికొనిరని చెప్పుదురు. నడుమ దూరము సుమారు నాలుగున్నర మైళ్లు. బాట లేదు, దూరమున గనబడు గోపుర శిఖరమే గుఱి. త్రోవలో గట్టు వచ్చినను, కాలువ వచ్చినను దుమికి దాటవలసినదే. దేవాలయ శిఖరమును ఇంగ్లీషున స్టీపుల్ అందురు. ఆ శిఖరమును గుఱిగా బెట్టుకొని సాగిన పరుగు గనుక ఈ పందెములకు ‘స్టీపుల్‌ఛేజ్’ అను పేరు నిలిచినది.

వీనిలో మిక్కిలి పేరువడసినది ‘గ్రాండ్ నేషనల్’. ఇది లివర్‌పూలు పట్టణము చెంతనున్న ఎయిన్‌ట్రీ మైదానమున జరుగును. 1839లో జరిగిన పందెమును సాధారణముగా మొదటిదిగా లెక్కింతురు. మనము చెప్పుకొనబోవు 1967 నాటికి ఇందలి దూరము సుమారు నాలుగున్నర మైళ్లు. మైదానమును రెండు చుట్లు చుట్టి, ముప్పది మార్లు దుమికినగాని గమ్యము చేరుట లేదు. బలమైన గుఱ్ఱమునకు హెచ్చు బరువును, బలహీనమైన దానికి తక్కువ బరువును నిర్ణయింతురు. రౌతు శరీరము, జీను కలిపి ఆ బరువు సరిపోవలెను. చాలకున్న సీసపు పలకలను జేర్చెదరు. పందెమునకు ముందు రౌతును తూచెదరు. గెలిచివచ్చిన పిమ్మటను మరల తూచెదరు.

జాన్ బకింగ్‌హామ్ 1940లో జన్మించెను. రౌతుల వంశమున బుట్టినవాడు కాడు. పదునైదవ యేట బడి విడిచి, ఎడ్వర్డ్ కరేజ్ అను శిక్షకుని గుఱ్ఱపుసాలలో పనికి జేరునంతవఱకు ఆ బాలుడు గుఱ్ఱమెక్కి యెఱుగడు. గుఱ్ఱపుసాలలో కుఱ్ఱవాని పని సుఖమైనది కాదు. తెల్లవాఱకముందే లేచి లద్దె యెత్తవలెను, గడ్డి పఱవవలెను, దాణా పెట్టవలెను, గుఱ్ఱమును మాలీసు చేయవలెను. అట్టి పనులనుండి క్రమముగా బైకి వచ్చి యతడు పందెపు రౌతయ్యెను. గొప్పవారి వరుసలో నతని పేరు లేదు. ఇరువదియాఱేండ్ల ప్రాయము వచ్చువఱకు గ్రాండ్ నేషనల్ పందెమున స్వారిచేయు నవకాశమే యతనికి గలుగలేదు.

ఆ యవకాశము 1967లో ఫాయినావన్ అను గుఱ్ఱము మూలమున వచ్చెను. ఇది మొదట వెస్టుమినిస్టరు డచ్చెస్ అన్‌గారి సొత్తు. జగత్ప్రసిద్ధి గాంచిన ఆర్కిల్ అను గుఱ్ఱమును ఆమెదే. రెంటికిని ఉత్తర స్కాట్లండునందలి రెండు కొండల పేర్లు పెట్టిరి. ఆర్కిల్ కీర్తిశిఖర మెక్కెను. ఫాయినావన్ మాత్రము చేతులు మాఱి, బెర్కుషైరునందలి జాన్ కెంప్టన్ అను శిక్షకుని సాలకు వచ్చెను. అది శాంతస్వభావము గలది. సూజీ యను తెల్లని మేక దానికి నెచ్చెలి. అది యెక్కడికి బోయిన మేకయు నక్కడికి బోవలసినదే!

కెంప్టన్ సాధారణముగా తానే యా గుఱ్ఱము నెక్కుచుండెను. కాని యీ పందెమున దానికి నిర్ణయించిన బరువు 140 పౌనులు, అనగా సుమారు 63 కిలోగ్రాములన్నర. కెంప్టన్ అంతకు మించిన భారము గలవాడు. ఇతర రౌతు లొప్పుకొనలేదు. తుదకు బకింగ్‌హామ్ నడుగగా నతడు సంతోషముతో నంగీకరించెను. ఆ గుఱ్ఱముపై నెవ్వరికిని నమ్మకము లేదు. ఆనాడు శిక్షకుడు వూస్టరు పట్టణమున వేఱొక పందెమునకు బోయెను. యజమానియు ఎయిన్‌ట్రీకి రాలేదు. పందెగాండ్రు దాని గెలుపునకు గట్టిన లెక్క యొకటికి నూఱు. జనులా గెలుపు నెంత యసంభవముగా దలచిరో దీనివలన దెలియును.

1967 ఏప్రిలు 8వ తేది శనివారమున నలుబదినాలుగు గుఱ్ఱములు బయలుదేఱెను. మొదటి కంచె యొద్దనే పోపమ్ డౌన్ అను గుఱ్ఱము పడిపోయి, లేచి, రౌతు లేకయే మిగిలినవానితో గూడి పరుగెత్తసాగెను. ఒక చుట్టు ముగిసెను. రెండవ చుట్టులో బీచర్స్ బ్రూక్ అను కఠినమైన కంచెను దాటి, ముందున్న గుఱ్ఱములన్నియు గుంపుగా నిరువదిమూడవ కంచెను సమీపించెను. ఇది నాలుగడుగుల యాఱంగుళముల యెత్తు మాత్రమే గలది. ఆ మైదానమున మిక్కిలి చిన్నవైన కంచెలలో నొకటి. అచ్చట నపాయము కలుగునని యెవరు దలంతురు?

అంతలో పోపమ్ డౌన్ కంచెను దుముకక ప్రక్కకు దిరిగి, వచ్చుచున్న గుఱ్ఱముల కడ్డముగా బరుగెత్తెను. ముందున్నవి దానిని ఢీకొనెను. వెనుకనున్నవి ముందువాని మీదికి వచ్చిపడెను. కొందఱు రౌతులు గుఱ్ఱము నిలిచిపోగా తాము కంచె కావల బడిరి. కొన్ని గుఱ్ఱములు వెనుదిరిగి యెదురు పరుగెత్తెను. నిమిషములో నా స్థలమంతయు చెదరిన సంతవలె నాయెను.

ఫాయినావన్ అప్పటికి చాల వెనుకబడి యుండెను. అందుచేత బకింగ్‌హామ్‌నకు జూచుటకు గొన్ని క్షణముల వ్యవధి దొరకెను. ఆతడు కంగారుపడలేదు, గుఱ్ఱమును తొందరపెట్టలేదు. వేగము తగ్గించి, గుంపు నడుమ సందు వెదకి, మెల్లగా నడిపించి, ఆ చిన్న కంచెను దాటించెను. మొదటి ప్రయత్నముననే దానిని దాటిన గుఱ్ఱ మదియొక్కటియే. ముందు జూచిన నెవ్వరు లేరు. వెనుక జూచినను దగ్గఱ నెవ్వరు లేరు.

ఇంక నేడు దుముకులు మిగిలియుండెను. వెనుక రౌతులు మరల గుఱ్ఱముల నెక్కియు, మరల కంచెకు ద్రిప్పియు తఱుముకొని వచ్చుచుండిరి. వారిలో మొదటివాడు జోష్ గిఫర్డ్. అతడు నాటి రౌతులలో నగ్రగణ్యుడు. అతని గుఱ్ఱమగు హనీ ఎండ్ గెలుచునని పెక్కుమంది నమ్మియుండిరి. ఎంత తఱిమినను బకింగ్‌హామ్ గుఱ్ఱము నదుపు దప్పనీయక పదునైదు గుఱ్ఱముల నిడుపు ముందుగా గమ్యము చేరెను. పందెము ముగించినవి పదునెనిమిది మాత్రమే. 1984లో ఆ కంచెకు ఫాయినావన్ పేరు పెట్టిరి.

ఇచ్చట నొక ప్రశ్న పుట్టును. ఇతరుల యాపదవలన గలిగిన గెలుపు గెలుపగునా? అదృష్టము లేదనుట సత్యము గాదు. పోపమ్ డౌన్ అడ్డుపడకున్న ఫాయినావన్ గెలిచెడిది కాదని చెప్పుట కెక్కువ తెలివి యక్కఱలేదు. అయినను నిదానించి చూతము. వెనుక వచ్చుచుండినవా డొక్క బకింగ్‌హామ్ మాత్రమే కాదు. తక్కినవారికి దారి దొరకలేదు. ఇరువదిరెండు కంచెల వఱకు పడక నిలిచియుండుట యతని పని. ఇక గెలువలేమని గుఱ్ఱమును మఱల్పకుండుట యతని పని. వేగము తగ్గించవలసినచోట తగ్గించుట యతని పని. అదృష్టము త్రోవను జూపెను. ఆ త్రోవను నడచినవాడు రౌతు. గిఫర్డు సైతము నాటి యపజయముతో గ్రుంగిపోలేదు. తరువాత శిక్షకుడై, 1981లో అల్డనీటి యను గుఱ్ఱముచే నిదే పందెమును గెలిపించెను.

బకింగ్‌హామ్ 1971లో స్వారి మానెను. పిమ్మట తన సోదరుడగు టామ్‌తో గూడి, రౌతులకు వాలెట్టుగా, అనగా పరిచారకుడుగా, కుదురుకొనెను. ఒక్కొక్క రౌతు దినమునకు నాలుగైదు పందెములలో స్వారిచేయుట గలదు. ప్రతి పందెమునకు యజమాని రంగుల చొక్కా మార్చవలెను, జీను మార్చవలెను, బరువు సరిచూడవలెను. బురదయైన లాగులు ఉతుకుట, బూట్లు తుడిచి మెఱుగుపెట్టుట, జీనుపట్టెలను పరీక్షించుట వాలెట్టు పనులు. పట్టె తెగిన రౌతు ప్రాణమునకే ముప్పు. ఇట్టి పనిని బకింగ్‌హామ్ 2001 వఱకు, అనగా ముప్పది యేండ్లు, నిర్వహించెను. 2016 డిసెంబరులో, తన డెబ్బదియాఱవ యేట, కాలధర్మము నొందెను.

దేశములో నెల్ల ప్రసిద్ధమైన పందెమును గెలిచినవాడు ఇతరుల బూట్లు తుడుచుట యవమానమని దలచి యుండవచ్చును. అతడట్లు దలపలేదు. పందెమునకు ముందు గుండె యెట్లు కొట్టుకొనునో, పడినపుడు నొప్పి యెట్లుండునో తా నెఱిగినవాడు గనుక నా పనికి మిక్కిలి తగినవాడయ్యెను.

బాలబాలికలారా! మన పాఠశాలలో క్రీడోత్సవము జరిగినపుడు బహుమతి నందుకొను వానిని మనమందఱము చూతుము. ఉదయమే వచ్చి సున్నపు గీతలు గీసినవానిని, కడవలతో మంచినీరు మోసినవానిని ఎంతమంది చూతురు? తరగతిలో వెనుకబడితిమని చింతించు విద్యార్థులును మనలో గలరు. వారు ఫాయినావన్ కథ చదివి, ముందున్నవారు పడవలెనని కోరరాదు. తమ కంచెలను తాము ఒకదాని తరువాత నొకటిగా దాటుచు, కన్నులు తెఱచుకొని పోవుచుండవలెను. ఒకనాడు గెలుపు లభించినచో సంతోషింపవలసినదే; మఱునాడుదయమున మరల పనికి బోవలసినదే. జాన్ బకింగ్‌హామ్ చేసినది యింతియే.