ఆతిథ్యానికీ ఒక గడప ఉంది



కొన్ని నెలల క్రితం ఆదివారం ఆరాధన ముగిశాక ఒక సహోదరి మాతో మాట్లాడాలని ఆగారు. ఆమె రిటైరైన టీచరు. భర్త ప్రభువునందు నిద్రించారు, పిల్లలు విదేశాల్లో ఉన్నారు. మేడమీద ఖాళీగా ఉన్న రెండు గదులను, ఊరు చూడటానికి వచ్చేవారికి యాప్ ద్వారా రోజువారీ అద్దెకు ఇస్తున్నారు. ఆ డబ్బు ఆమె మందుల ఖర్చుకు ఆసరా.

"అయ్యగారూ, ఇద్దరం వస్తామని బుక్ చేసుకుని ఆరుగురు వచ్చారండీ. రాత్రి రెండింటి దాకా తాగుడు, పాటలు. పైకి వెళ్లి అడిగితే 'డబ్బులు కట్టాం కదా ఆంటీ' అన్నారు. గోడమీద వాక్యం పెట్టుకున్నదాన్ని, గొడవపడితే సాక్ష్యం పాడవుతుందని దిగి వచ్చేశాను. పొద్దున వాళ్లు వెళ్లాక పరుపు చూసి ఏడ్చాను. అయినా ఐదు స్టార్లు ఇచ్చాను. ఇప్పుడు ఎవరు బుక్ చేసినా గుండె దడే. ఆతిథ్యం చెయ్యమన్నది దేవుడే కదా. మరి అతిథిని వెళ్లిపొమ్మంటే పాపమా?"

ఆమె అనుమతితోనే ఈ మాటలు రాస్తున్నాము. విశాఖలో, అరకులో, హైదరాబాదులో హోమ్‌స్టే బోర్డులు ఇప్పుడు కొత్త కాదు. వాటిని నడిపేవారిలో మన విశ్వాసులూ ఉన్నారు. ఆమె అడిగిన ప్రశ్న ఆమె ఒక్కరిదే కాదు.

సంఘానికి పాత అనుభవమే

ఆతిథ్యము అని మన బైబిలులో ఉన్న మాటకు మూలం 'ఫిలోక్సెనియా' అనే గ్రీకు మాట. పరాయివానిపట్ల ప్రేమ అని దాని అర్థం. వచ్చినవాడు పరాయివాడు కాబట్టే మన ఇంటి పద్ధతులు అతనికి తెలియవు. ఇబ్బంది అక్కడే మొదలవుతుంది. పేతురుకు ఈ సంగతి తెలుసు. ఆతిథ్యం చేయమని చెప్పిన చోటే సణగవద్దని కూడా చెప్పాడు (1 పేతురు 4:9). సణుగుడు పుట్టించే అతిథులు లేకపోతే ఆ హెచ్చరిక అవసరమే ఉండేది కాదు.

ఆదిమ సంఘం ఇంకాస్త ముందుకు వెళ్లి నియమాలే పెట్టుకుంది. 'దిదాకే' అనే చిన్న పుస్తకం మొదటి శతాబ్దం చివరలోనో రెండవ శతాబ్దం ఆరంభంలోనో వచ్చినదని పలువురు పండితులు చెబుతారు. దాని ప్రతి 1873లో కాన్‌స్టాంటినోపుల్‌లో దొరికింది. ఊరూరా తిరిగే బోధకుణ్ణి ప్రభువునే చేర్చుకున్నట్టు చేర్చుకోమంటుంది ఆ పుస్తకం. ఆ వెంటనే, అతడు ఉండవలసింది ఒక్క రోజు, అవసరమైతే రెండో రోజు అంటుంది. మూడో రోజూ ఉండిపోతే, వెళ్తూ డబ్బు అడిగితే, అతడు అబద్ధ ప్రవక్త అని తేల్చేస్తుంది. మామూలు బాటసారికి రెండు మూడు రోజులు చోటివ్వాలి. ఊళ్లోనే ఉండిపోదలిస్తే అతడు పని చేసుకుని తినాలి.

ఆరవ శతాబ్దంలో బెనెడిక్టు తన మఠానికి రాసిన నియమావళిలోనూ ఇదే తీరు కనిపిస్తుంది. 53వ అధ్యాయం అతిథిని క్రీస్తునే చేర్చుకున్నట్టు చేర్చుకోమంటుంది. 61వ అధ్యాయం, బయటినుండి వచ్చి బస చేసిన సన్యాసి ప్రవర్తన మఠాన్ని పాడుచేసేలా ఉంటే మర్యాదగా వెళ్లిపొమ్మని చెప్పమంటుంది. అతిథిలో ప్రభువును చూడమన్న చేతితోనే గడప ఎక్కడో కూడా చూపించారు మన పెద్దలు.

షూనేములోని మేడగది

2 రాజులు 4వ అధ్యాయంలోని షూనేమీయురాలు తన భర్తతో మాట్లాడిన తరువాతే ఎలీషాకు మేడమీద గది కట్టించింది. అందులో మంచం, బల్ల, పీట, దీపస్తంభం పెట్టించింది. వచ్చినవాడికి ఏకాంతం దొరికింది, ఇంటివారికి తమ ఇల్లు తమకు మిగిలింది.

మనమూ గది ఇచ్చేముందు ఇంటివారందరి సమ్మతి తీసుకోవాలి. నియమాలు బుక్ చేసుకునేముందే అతిథికి కనబడాలి: ఎంతమంది ఉండవచ్చు, ఏ వేళ దాటితే శబ్దం ఉండకూడదు, మద్యం, పొగ విషయంలో మన మాట ఏమిటి, బయటివారిని పిలవవచ్చా. వచ్చాక చెప్పే నియమం గొడవగా వినిపిస్తుంది. గదిలో తగిలించే కాగితం మీద పది ఆజ్ఞల్లా కాకుండా నాలుగు మాటలు మర్యాదగా రాస్తే చాలు. అందరి గుర్తింపు కార్డులు చూడాలి. విదేశీయులు బస చేస్తే 24 గంటల్లోగా ఆన్‌లైన్‌లో వారి వివరాలు తెలపడం చట్టం చెప్పిన బాధ్యత.

ఒక సంగతి మనతో మనమే నిజాయితీగా ఒప్పుకోవాలి. డబ్బు తీసుకుని ఇచ్చే గది, అబ్రాహాము మమ్రే దగ్గర పెట్టిన భోజనం ఒకటి కాదు. మనది ఆతిథ్యమే, కాని వ్యాపారం కూడా. గీజరు పనిచేయడం లేదని, దుప్పటి మాసి ఉందని అడిగేవాడు ఇబ్బంది పెట్టే అతిథి కాడు. కట్టిన డబ్బుకు తగినది అడుగుతున్నాడు. అతనికి ముందు క్షమాపణ చెప్పి, తరువాత ప్లంబరును పిలవాలి.

ఇబ్బంది మొదలైనప్పుడు

మత్తయి 18లో ప్రభువు చూపిన వరుస సంఘంలోని సహోదరుల గురించినది. అయినా దానిలోని జ్ఞానం ఇక్కడా పనికొస్తుంది. ముందు ఒంటరిగా, మెల్లగా చెప్పాలి. వినకపోతే సాక్షులు ఉండాలి.

మొదటి మాట త్వరగా చెప్పాలి. పది గంటలకు "బాబూ, కింద పెద్దవాళ్లున్నారు, కాస్త శబ్దం తగ్గించండి" అంటే అది మనవి. రెండు గంటల దాకా ఓర్చుకుని అదే మాట అంటే అది కేక అవుతుంది. మాట్లాడినదాన్ని యాప్‌లోని మెసేజ్‌లో కూడా రాయాలి. రేపు లెక్క తేల్చవలసి వస్తే అదే సాక్ష్యం. అయినా వినకపోతే యాప్ సహాయ కేంద్రానికి ఫోన్ చేయాలి. ఎయిర్‌బీఎన్‌బీ 2020లో పార్టీలను నిషేధించి, 2022లో ఆ నిషేధాన్ని శాశ్వతం చేసింది. దెబ్బతిన్న వస్తువులను ఫోటో తీసి, అతిథి వెళ్లిన 14 రోజుల్లోగా పరిహారం అడిగే వీలు కూడా అందులో ఉంది. అలా అడగడం ప్రేమలేనితనం కాదు.

తాగి ఉన్నవారి గదికి రాత్రివేళ ఒంటరిగా వెళ్లవద్దు. బెదిరింపు ఉంటే 112కు ఫోన్ చేయండి. ఆదికాండము 19లో లోతు తన అతిథులను కాపాడాలని కన్న కుమార్తెలనే గుంపుకు ఇవ్వబోయాడు. అతిథి మర్యాద పేరిట ఇంటివారిని బలిపెట్టడం ఆతిథ్యం కాదని ఆ అధ్యాయం మనల్ని హెచ్చరిస్తుంది. మన సహోదరి ఇంట్లో ఉన్నది ఆమె ఒక్కరే. తన భద్రత చూసుకోవడం ఆమె విశ్వాసానికి లోటు కాదు.

ఐదు స్టార్ల అబద్ధం

ఆ సహోదరికి మేము చెప్పిన మాటల్లో ఆమెను బాధపెట్టింది ఇదొక్కటే. "అమ్మా, మీరు వాళ్లను వెళ్లిపొమ్మని ఉంటే పాపం కాదు. కాని ఆ ఐదు స్టార్లు నిజం కాదు కదా." ఆమె కాసేపు మాట్లాడలేదు.

ఆ రివ్యూ చదివి మరో ఊళ్లో, బహుశా ఆమెలాగే ఒంటరిగా ఉన్న మరో తల్లి, తలుపు తీస్తుంది. అబద్ధ సాక్ష్యం పలకవద్దన్న ఆజ్ఞ పొరుగువాని మేలు కోసమే ఇవ్వబడింది. మెత్తదనంతో చెప్పినా అబద్ధం పొరుగువానికి కీడే చేస్తుంది. అలాగని కోపంతో రాయడమూ తగదు. "ఇద్దరికి బుక్ చేసి ఆరుగురు వచ్చారు, శబ్దం తగ్గించమంటే తగ్గించలేదు" అని జరిగినంతే రాయాలి. వాళ్ల పెంపకం గురించి, ఊరి గురించి రాయకూడదు. ఒక రాత్రి ప్రార్థించి, మరునాడు రాయడం మంచిది.

అద్దంలో మనం

ఇబ్బంది పెట్టే అతిథి అని మనం ఎవరిని అంటున్నామో కూడా చూసుకోవాలి. గుర్తింపు కార్డు చూడటం వేరు, ఇంటిపేరు చూసి కులం ఆరా తీయడం వేరు. వేరే మతంవాడనో, మన వంట ముట్టడనో, మన భాష రాదనో ముఖం చిట్లిస్తే తప్పు అతిథిది కాదు, మనది. గడప దగ్గర ఆపవలసింది ప్రవర్తనను, పుట్టుకను కాదు. భద్రత పేరుతో గదుల్లోకి తొంగిచూసే కెమెరాలూ తగవు. ఎయిర్‌బీఎన్‌బీ 2024 ఏప్రిల్ 30 నుండి ఇంటి లోపల కెమెరాలను పూర్తిగా నిషేధించింది. మనమైతే నిషేధం రాకముందే మానవలసినది.

సీమోను అనే పరిసయ్యుని ఇంట (లూకా 7) ఇబ్బందిగా తోచింది పిలవకుండా వచ్చిన స్త్రీ. ప్రభువు లోపం చూపింది మాత్రం కాళ్లకు నీళ్లివ్వని గృహయజమానిలో.

సంఘం చేయగలిగినది

సంఘ పెద్దలకు ఒక మనవి. మీ సంఘంలో ఒంటరిగా ఉంటూ గదులు ఇచ్చే తల్లులుంటే, అర్ధరాత్రి ఫోన్ చేస్తే వచ్చే ఇద్దరి నంబర్లు వారి దగ్గర ఉండనివ్వండి. ఆతిథ్యం ఒక ఇంటి వరమే అయినా, దాని భారం సంఘమంతటిది.

మన సహోదరి గదులు మూసేయలేదు. మెట్ల దగ్గర నాలుగు నియమాలు రాసిన కాగితం పెట్టారు. దాని కింద సంఘంలోని ఇద్దరు యువకుల నంబర్లు తన కోసం రాసుకున్నారు. గోడమీది వాక్యం అలాగే ఉంది. కిందటి నెలలో అతిథులు శబ్దం చేస్తే పది గంటలకే పైకి వెళ్లి చెప్పారట. వాళ్లు "సారీ ఆంటీ" అన్నారట. ఆ రాత్రి ఆమె నిద్రపోయారు.

మన గృహాల తలుపులు తెరిచి ఉంచే ప్రేమను, గడప దగ్గర నిజం చెప్పే ధైర్యాన్ని ప్రభువు మనకు అనుగ్రహించును గాక. ఆమేన్.