రాత్రివేళ పిక్కలు పట్టుట – నివారణోపాయములు

నాట్ల దినములలోను, కోతల దినములలోను మన సంఘ సభ్యులలో పలువురు ఒకే విధమైన బాధను చెప్పుకొనుచుందురు. పగలెల్ల పొలమున పనిచేసి, అలసి, భోజనము చేసి పండుకొనిన రెండు మూడు గంటలకో, తెల్లవారుజామునకో పిక్క యొక్కసారిగా బిగిసి రాయివలె గట్టిపడును. కాలు ముడుచుటకు రాదు, చాపుటకు రాదు. ఎంతటి గుండె దిటవు గలవాడైనను కేక వేయక మానడు. ఇంటిల్లిపాదియు మేల్కొందురు. కొందఱు దీనిని పిక్క పట్టుట యందురు. కొందఱు నరము లాగినదందురు. మఱికొందఱు గాలి సోకినదని కాలికి నల్లత్రాడు కట్టింతురు. కొంతసేపటికి అది తనంతట తానే విడిచిపోవును గాని, మఱునాడంతయు కాలు నొచ్చుచునే యుండును. మరల ఈ రాత్రి వచ్చునేమో యను భయముచే నిద్రయు సరిగా పట్టదు.

ఈ బాధ సామాన్యముగా ప్రాణాపాయకరమైనది కాదు. అయినను దీనిని గూర్చి మేము వ్రాయ బూనుటకు కారణము కలదు. దీనికై మన పల్లెలలో జరుగుచున్న చికిత్సలలో కొన్ని యీ బాధకంటె చెడ్డవి. వారమున కొక సూదిమందు, దినమున కొక నొప్పిమాత్ర అను అలవాటు ఎందఱికో పడినది. దానివలన చేతి సొమ్ము పోవుటయే కాక శరీరమునకు శాశ్వతమైన హాని కలుగవచ్చును. కానీ ఖర్చులేని వైద్యమే దీనికి మొదటి వైద్యము. దానిని తెలిసికొనుటకు ముందు ఈ పట్టు ఎట్లు కలుగుచున్నదో కొంచెము తెలియవలయును.

పట్టుకొనునది నరము కాదు, కండరము. మోకాలి వెనుకనుండి మడమవైపునకు దిగు కండరములనే మనము పిక్క యనుచున్నాము. నరముల ద్వారా ఆజ్ఞ వచ్చినపుడు కండరము ముడుచుకొనును. ఆజ్ఞ ఆగినపుడు వదులగును. పట్టు వచ్చినపుడు నరములు మన యిచ్ఛతో నిమిత్తము లేకయే ఎడతెగక ఆజ్ఞలు పంపుచుండును. అందుచే కండరము వదులుకాజాలదు. రాత్రియే యేల వచ్చునన్నచో, నిద్రలో పాదము సహజముగా క్రిందికి వాలియుండును. అపుడు పిక్క యప్పటికే కుఱుచయై యుండును. కుఱుచయై యున్న కండరము మఱికొంచెము ముడుచుకొన్నంతనే బిగిసిపోవునని వైద్యులు తలంచుచున్నారు. దీని కారణము నింకను వైద్యశాస్త్రము పూర్తిగా నిర్ణయింపలేదు. 50 ఏండ్లు దాటినవారికిని, నిండు నెలలు సమీపించుచున్న గర్భిణీ స్త్రీలకును ఇది తఱచు. ఒక్కొక్క పట్టు కొద్ది క్షణములు మొదలు పది నిమిషములవఱకు ఉండవచ్చును.

కుఱుచయైన కండరము పట్టినది గావున, దానిని సాగదీయుటయే విడిపించు మార్గము. పట్టు వచ్చిన వెంటనే భయపడి కాలు ముడుచుకొనకుడు. మోకాలిని చాపి, కాలి వ్రేళ్ళను చేతితో పట్టుకొని మోకాలివైపునకు నిదానముగా లాగవలయును. నడుము వంగనివారు తలాపున ఒక కండువ నుంచుకొని, దానిని పాదము క్రింద ఉచ్చువలె వేసి రెండు కొసలను తమవైపునకు లాగుకొన్నచో చాలును. ప్రక్కన మఱియొకరున్న యెడల వారు ఒక చేతితో మోకాలిని అదిమి, రెండవ చేతితో పాదమును మెల్లగా వెనుకకు నెట్టవచ్చును. కుదుపుచు లాగరాదు, బలము చూపుటకు ఇది సమయము కాదు. లేచి నిలువగలిగినవారు మడమను నేలకు గట్టిగా ఆనించి ఆ కాలిపై కొంచెము బరువు వేసినను పట్టు విడుచును. అయితే చీకటిలో ఒక్క ఉదుటున మంచము దిగరాదు. పట్టు వచ్చిన కాలు బరువు నాపలేదు. పిక్క నొప్పి రేపటికి పోవును గాని, వృద్ధుడు పడి తుంటి విఱుగగొట్టుకొన్నచో ఆ కుటుంబమునకు ఆ యేటి ఫలసాయమంతయు వైద్యమునకే చాలదు.

పట్టు విడిచిన పిదప మిగులు నొప్పికి ఆముదమో నువ్వులనూనెయో గోరువెచ్చగా చేసి మర్దించుట, కాపడము పెట్టుట మన పెద్దల పద్ధతి. అది మంచిదే. మధుమేహము గలవారు మాత్రము కాపడపు వేడిని మఱియొకరి చేతితో పరీక్షింపించుకొనవలయును. వారి పాదములకు స్పర్శ తగ్గియుండును గనుక కాలినను తెలియదు. ఆ పుండు మానుట కష్టము.

ఇక రాకుండ చేసికొను విధము. పండుకొనబోవుటకు ముందు గోడకు రెండడుగుల దూరమున నిలిచి, రెండు అరచేతులను రొమ్మెత్తున గోడకు ఆనింపుడు. ఒక కాలిని ముందునకు పెట్టి మోకాలు వంచవలయును. వెనుక కాలిని మోకాలు వంగకుండ చాచి, మడమ నేలనుండి లేవకుండ ఉంచవలయును. అట్లుండి మెల్లగా గోడవైపు వాలినచో వెనుక కాలి పిక్క లాగినట్లగును. నొప్పి పుట్టునంతగా వాలనక్కఱలేదు. పది మొదలు ముప్పది వఱకు లెక్కపెట్టి నిలిచి, వదలి, ఒక్కొక్క కాలికి మూడుసార్లు చేయవలయును. తరువాత నేలపై కాళ్ళు చాచి కూర్చుండి వ్రేళ్ళను అందుకొనుటకు వంగినచో తొడ వెనుక కండరములును సాగును. దీనికంతకును అయిదు నిమిషములు పట్టదు.

దినమంతయు వంగి లేచి పాటుపడువానికి మరల వ్యాయామమేల యని కొందఱు నవ్వవచ్చును. పని వేఱు, సాగదీత వేఱు. పనిలో కండరము ముడుచుకొనుచు వదలుచు అలసిపోవును; సాగదీతలో దానికి పనిలేదు. ఇది మా కల్పన కాదు. 2012 లో ప్రకటింపబడిన నెదర్లాండ్సు దేశపు పరీక్షలో 55 ఏండ్లు దాటిన 80 మందిని రెండు జట్లుగా విభజించి, ఒక జట్టుచేత ఆఱు వారములు ప్రతిరాత్రియు ఈ విధముగా చేయించిరి. వారికి పట్టులు చెప్పుకోదగినంత తగ్గినవి. 2005 లో ఇంగ్లండున వెలువడిన మఱియొక పరీక్షలో ఇట్టి లాభము కనబడలేదని కూడ చెప్పుట మా విధి. ఖర్చును అపాయమును లేనిది గావున, ఆఱు వారములు చేసి చూచి ఎవరికి వారు నిర్ణయించుకొనవచ్చునని మా యభిప్రాయము. నిద్రించునపుడు దుప్పటిని పాదములపై బిగుతుగా కప్పుకొనక, పాదము క్రిందికి వంగకుండ చూచుకొనుటయు మేలు.

ఎండలో పనిచేయునపుడు పొలములోనే వచ్చు పట్టు దీనికంటె భిన్నమైనది. అది చెమటతో ఉప్పు పోవుటవలన కలుగును. 1923 లో మాస్ అను పరిశోధకుడు ఇంగ్లండు దేశపు బొగ్గుగనుల కూలీలను పరీక్షించి యొక చిత్రమును కనుగొనెను. విపరీతముగా చెమటోడ్చి, ఉత్త నీరే విస్తారముగా త్రాగినవారికి కండరములు పట్టుచుండెను. త్రాగు నీటిలో కొంచెము ఉప్పు కలిపినంతనే ఆ బాధ తగ్గెను. చద్దియన్నముతో తరవాణియు, ఉప్పు వేసిన పలుచని మజ్జిగయు, గంజియు త్రాగి పొలమునకు పోయిన మన పెద్దలకు ఈ సంగతి గనులు త్రవ్వకయే తెలిసియుండెను! ఇపుడు వాని స్థానమున రంగునీళ్ళ సీసాలు పొలముగట్లకు చేరినవి. అవి ధరలో మజ్జిగను మించును గాని గుణములో మించవు. ఎక్కువ చెమటపట్టిన దినమున శుభ్రమైన లీటరు నీటిలో ఆఱు చిన్న చెంచాల పంచదారను, అర చెంచా ఉప్పును తలకొట్టి కొలిచి కలిపి త్రాగవచ్చును. ప్రాథమిక ఆరోగ్య కేంద్రములలో ఇచ్చు ఓ.ఆర్.ఎస్. పొట్లమైన మఱియు మంచిది. రక్తపుపోటు, గుండెజబ్బు, మూత్రపిండముల జబ్బు గలవారు వైద్యుని యడుగక ఉప్పు హెచ్చింపరాదు. రాత్రి పట్టునకు ఉప్పు తక్కువగుటయే కారణమని ఋజువు కాలేదు. కాబట్టి పండుకొనబోవుచు ఉప్పునీరు త్రాగుటవలన లాభము లేదు.

మందుల సంగతి కొంత విపులముగ చెప్పవలసియున్నది. మెగ్నీషియము మాత్రలు దీనికి మంచివని దుకాణములలో అమ్ముచుందురు. 2017 లో ప్రకటింపబడిన ఇజ్రాయేలు దేశపు పరీక్షలో 94 మందిలో సగము మందికి ఆ మందును, సగము మందికి మందులేని ఉత్తమాత్రను ఇచ్చి చూచిరి. ఉభయులకును వారమునకు సుమారు మూడు పట్టులు తగ్గెను. మందు లేని మాత్రయు అంతపని చేసిన యెడల మందునకు వెల యిచ్చుట యెందులకు?

క్వినైను అట్టి ఉత్తమందు కాదు. చలిజ్వరమునకు పేరుపడిన ఆ మందు పిక్కల పట్టును కొంత తగ్గించునది నిజమే. కాని కొందఱికి అది రక్తము గడ్డకట్టుటకు తోడ్పడు కణములను నశింపజేయును. గుండెకొట్టుకొను లయను చెఱచును. అందుచేతనే అమెరికా ప్రభుత్వము 1994 లో ఈ బాధకై వైద్యుని చీటీ లేకుండ దానిని అమ్మరాదని నిషేధించి, 2010 లో మరల హెచ్చరిక చేసెను. రాత్రి నిద్ర కొఱకు ఇంతటి మందును ఎవరి మాట విని మ్రింగరాదు.

అన్నిటికంటె విచారింపదగినవి నొప్పిమాత్రలు, నొప్పిసూదులు. మాత్ర కడుపులో కరగి రక్తమున కలిసి పనిచేయుటకు అరగంటయైనను పట్టును. పట్టు పది నిమిషములలో విడిచిపోవును. విడిచిపోయిన పిదప వచ్చిన మాత్రకు కీర్తి దక్కుచున్నది. డైక్లోఫెనాక్ మొదలైన ఈ మందులు మూత్రపిండములకు రక్తప్రసారమును తగ్గించును. ఎండలో చెమటోడ్చి శరీరమున నీరు తగ్గియున్నవానికి ఆ హాని యెక్కువ. శ్రీకాకుళము జిల్లాలోని ఉద్దాన ప్రాంతమున, కవిటి, సోంపేట, కంచిలి మొదలగు మండలములలో, మూత్రపిండముల జబ్బు ఎందఱి రైతుల కుటుంబములను కూల్చినదో మన మెఱుగుదుము. ఆ జబ్బునకు మూలకారణ మింకను తేలలేదు. తేలని జబ్బు ఒకటి యుండగా, తెలిసి తెలిసి మూత్రపిండములకు మఱియొక భారమును మోపుట తగదు.

కొన్ని మాత్రలే పట్టును తెచ్చుటయు కలదు. రక్తపుపోటునకును, కాళ్ళవాపునకును ఇచ్చు మూత్రము హెచ్చించు మాత్రలు, ఉబ్బసమునకు పీల్చు కొన్ని మందులు ఇట్టివి. అనుమానము కలిగినచో వైద్యునితో చెప్పవలయునే గాని, స్వయముగా మానివేయరాదు. గర్భిణులు పైన చెప్పిన సాగదీతను గోడ ఆసరాతో జాగ్రత్తగా చేసికొనవచ్చును. మాత్రలు మాత్రము ఆశా కార్యకర్త ద్వారానో, వైద్యురాలి ద్వారానో తెలిసికొని వాడవలయును.

ప్రతి కాలినొప్పియు పిక్కపట్టు కాదు. ఒక్క కాలే వాచి, వెచ్చబడి, ఎఱ్ఱబారి, నొప్పి విడువకున్నచో లోపలి సిరలో రక్తము గడ్డకట్టియుండవచ్చును. దానిని మర్దింపరాదు, ఆ దినముననే ఆసుపత్రికి పోవలయును. ఆయాసము కూడ కలిగినచో 108 ని పిలువవలయును. కొంతదూరము నడువగానే పిక్క నొచ్చి, నిలిచినంతనే తగ్గుచున్నచో కాలికి రక్తము పాఱుట తక్కువైనదని గుర్తు. చుట్టలు, బీడీలు త్రాగువారిలో ఇది విశేషము. పురుగుమందు చల్లిన దినమున కండరములు అదరుటతోపాటు చొల్లు కారుట, చెమట, కన్నీరు, చూపు మసకబారుట కనబడినచో అది విషము సోకుట. క్షణమైన ఆలసింపక బట్టలు విప్పి, ఒడలు సబ్బుతో కడిగి, మందు డబ్బాతో సహా ఆసుపత్రికి చేర్పవలయును. కాలు మొద్దుబారుట, బలము తగ్గుట, లేక ఆఱు వారముల సాగదీత తరువాతను వారమునకు పలుమార్లు పట్టు వచ్చుట కూడ వైద్యునికి చూపింపదగినవే. మధుమేహము, మూత్రపిండములు, కాలేయము, గళగ్రంథి – వీనిలో ఏది చెడినను పట్టు హెచ్చవచ్చును గనుక ఆయన రక్తపరీక్ష చేయించును. పోవునపుడు ఇంట వాడుచున్న మాత్రల అట్టలనన్నిటిని సంచిలో వేసికొని, ఏ కాలు, ఏ జాము, వారమున కెన్నిసార్లు అని గోడమీది పంచాంగముపై గుర్తుపెట్టుకొని పోయినచో ఆయనకు సగము పని తీరును.