విరామం ఫలమా? కాకతాళీయమా?

తాటిచెట్టుపై కాకి వాలింది. అదే క్షణంలో పండు రాలింది. చూసినవారు కాకి వాలడం వల్లనే పండు రాలిందని తలపోశారు. పండిన పండు తనంతట తానే రాలింది గాని అందులో కాకి ప్రమేయం లేదు. దీనినే మన పెద్దలు కాకతాళీయ న్యాయమన్నారు. ఆట నడుమ శిక్షకుడు కోరే విరామం, అనగా టైమ్ అవుట్, జట్టుకు ఎంతవరకు మేలు చేస్తుందో ఆలోచించేటప్పుడు ఈ న్యాయాన్ని గుర్తుంచుకోవాలి.

వాలీబాల్‌నే ఉదాహరణగా తీసుకొందాం. ప్రతి సెట్‌లోను ఒక్కొక్క జట్టు 30 సెకన్ల చొప్పున రెండు విరామాలను కోరవచ్చు. ప్రత్యర్థులు వరుసగా నాలుగైదు పాయింట్లు సాధించినప్పుడు శిక్షకుడు సాధారణంగా ఈ అవకాశాన్ని వినియోగిస్తాడు. క్రీడాకారులు సేద తీరుతారు. సర్వీసును అందుకొనే తీరును సరిదిద్దుకొంటారు. విరామం ముగియగానే పాయింటు లభిస్తే ప్రేక్షకులు శిక్షకుని చాతుర్యాన్ని కొనియాడతారు.

అయితే ఆ కీర్తి అంతా విరామానికే చెందుతుందా? ఉన్నతస్థాయి వాలీబాల్‌లో సర్వీసు చేసే జట్టుకన్న, దానిని అందుకొని దాడిచేసే జట్టే ఎక్కువసార్లు పాయింటు గెలుచుకొంటుంది. కాబట్టి విరామం లేకపోయినా ప్రత్యర్థుల పరంపర త్వరలోనే తెగిపోయే అవకాశం ఎక్కువ. పైగా ఆట మిక్కిలి దిగజారినప్పుడే శిక్షకుడు విరామం కోరుతాడు. అలా దిగజారిన ఆట మరల తన మామూలు స్థాయికి చేరుకోవడం సహజం.

ఈ సత్యం క్రీడలకు వెలుపల కూడా వెల్లడైంది. 2002లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమతి పొందిన మనస్తత్వ శాస్త్రవేత్త డేనియల్ కానెమాన్ ఒకప్పుడు ఇజ్రాయెల్‌లో విమానచోదనం నేర్పే శిక్షకులకు బోధించారు. మెచ్చుకొంటే శిష్యుల తరువాతి ప్రయత్నం చెడుతోందని, మందలిస్తే మెరుగుపడుతోందని ఒక శిక్షకుడు వాదించాడు. అతి చక్కని ప్రయత్నం తరువాత కొంత తగ్గడం, అతి హీనమైన ప్రయత్నం తరువాత కొంత మెరుగుపడడం సహజమేనని, అందుకు మెప్పుగాని మందలింపుగాని కారణం కానక్కరలేదని కానెమాన్ గ్రహించారు.

ఈ సంగతి ఎరుగని శిక్షకుడు విరామ సమయంలో క్రీడాకారులను దూషిస్తాడు. తరువాత పాయింటు రాగానే తన దూషణ ఫలించిందని నమ్ముతాడు. మరునాడు మరింత పరుషంగా మాట్లాడతాడు. ఆ భ్రమ వల్ల నలిగిపోయేది క్రీడాకారులే.

అలాగని విరామం వ్యర్థమని చెప్పరాదు. అలసట తీరడానికి, వ్యూహం మార్చుకోవడానికి, కలవరపడిన మనస్సు కుదుటపడడానికి అది తోడ్పడవచ్చు. కాని దాని నిజమైన బలం తెలియాలంటే, ఒకే విధమైన స్థితిలో విరామం కోరిన సందర్భాలను, కోరని సందర్భాలను పక్కపక్కన ఉంచి పోల్చి చూడాలి. ఒకదాని తరువాత మరొకటి జరిగినంత మాత్రాన మొదటిది రెండవదానికి కారణమని నిశ్చయించరాదు. ఈ వివేకం ఆటస్థలంలోనే కాదు, జీవితంలోను మనకు అవసరమే.