ఉప్పులో ఆ కాస్త ఎందుకు?

ఇంట్లో ఉప్పు ప్యాకెట్టు తిప్పి చూడండి. ‘అయోడైజ్డ్’ అన్న మాట కనిపిస్తుంది. “ఉప్పులో ఇంకొకటి కలిపితే కల్తీ కాదా మాస్టారూ?” అని మా తొమ్మిదో తరగతి కుర్రాడొకడు అడిగాడు. మంచి ప్రశ్నే. లాభం కోసం చాటుగా కలిపేది కల్తీ. శరీరానికి అవసరమై, కొలిచి, పైన రాసి మరీ కలిపేది పోషక సంకలితం.

మన మెడ ముందుభాగంలో సీతాకోకచిలుక ఆకారంలో అవటు గ్రంథి ఉంది. థైరాయిడ్ అంటే ఇదే. దీని హార్మోను తయారు కావాలంటే అయోడిన్ ఉండాలి. పెద్దవాళ్ళకు రోజుకు 150 మైక్రోగ్రాములు చాలు. 70 ఏళ్ళకు లెక్క కట్టండి, 4 గ్రాములు కూడా రాదు! ఆ కాస్తా అందకపోతే గ్రంథి ఉబ్బి గొంతు వాస్తుంది. దీన్నే గాయిటర్ అంటారు. వాపు కంటికి కనిపిస్తుంది కాని, అసలు ప్రమాదం కనిపించదు. గర్భిణికి అయోడిన్ బాగా తక్కువైతే కడుపులో బిడ్డ మెదడు సరిగా ఎదగదు. ఆ నష్టాన్ని తరవాత పూడ్చలేం.

హిమాలయాల్లో మంచు, వానలు నేలలోని అయోడిన్‌ను కడిగేశాయి. అక్కడి పంటలోనూ గడ్డిలోనూ అది తక్కువే. అయోడిన్ లేని మేత తింటే పశువులకూ గొంతు వాస్తుంది, దూడలు చచ్చి పుట్టవచ్చు. అందుకే పశువులు నాకే ఉప్పు దిమ్మల్లో కూడా అయోడిన్ కలుపుతారు.

1956లో కాంగ్రా లోయలో ఒక పరిశోధన మొదలైంది. నడిపించినవారిలో ముఖ్యులు మన శ్రీకాకుళంలో పుట్టిన డాక్టర్ వి. రామలింగస్వామి. లోయను మూడు మండలాలు చేసి, రెండింటికి అయోడిన్ కలిపిన ఉప్పు, ఒకదానికి మామూలు ఉప్పు పంపారు. కొన్నేళ్ళకు మొదటి రెండింటిలో గాయిటర్ బాగా తగ్గింది, మూడోదానిలో తగ్గలేదు. పాపం, ఆ మూడో మండలం వాళ్ళ మాటేమిటంటారా? ఫలితం తేలాక వాళ్ళకూ ఆ ఉప్పే ఇచ్చారు. 1962లో దేశమంతటికీ గాయిటర్ నియంత్రణ కార్యక్రమం వచ్చింది.

ఉప్పులోనే ఎందుకు కలపాలి? ఉన్నవాడూ లేనివాడూ రోజూ తినేది అదే కనుక. (అలాగని ఉప్పు ఎక్కువ తినకండి!) “మనది సముద్రపు ఉప్పేగా, అయోడిన్ ఉండదా?” అని కోస్తావాళ్ళు అంటుంటారు. ఆరబెట్టిన సముద్రపు ఉప్పులో మిగిలేది చాలా స్వల్పం. కలిపిన ఉప్పునైనా తడి తగలకుండా మూత పెట్టి ఉంచాలి.

మీ ఉప్పును బడి ప్రయోగశాలలో పరీక్షించవచ్చు. మాస్టారు దగ్గరుండగా చెంచాడు ఉప్పు మీద కాస్త గంజి, పొటాషియం అయోడైడ్ ద్రావణం, రెండు చుక్కలు సజల హైడ్రోక్లోరికామ్లం వేయండి. ఉప్పులో పొటాషియం అయోడేట్ ఉంటే అయోడిన్ విడుదలై గంజి నీలమవుతుంది. రంగు రాలేదా? ఆ ఉప్పు ఏ కొట్లో కొన్నారో ఇంట్లో అడగండి.