ప్రొపెల్లరు పిచ్ అమరిక

ప్రొపెల్లరు పిచ్ అమరిక అనగా తేలికపాటి విమానపు ప్రొపెల్లరు బ్లేడ్లు అవి తిరిగే తలానికి ఎంత కోణములో ఉండవలెనో నిర్ణయించి, ఆ కోణము వద్ద వాటిని బిగించుట. ఇంజను ఇచ్చే శక్తిలో ఎంత భాగము విమానము నేలను విడిచి పైకి లేచుటకు, ఎంత భాగము గాలిలో వేగముగా సాగుటకు అనుకూలముగా ఉండునో ఈ కోణమే నిర్ణయిస్తుంది. ఒకటి రెండు డిగ్రీల తేడా కూడా విమానపు నడకను స్పష్టముగా మార్చగలదు.

పిచ్ అంటే ఏమిటి

చెక్కలో మర ఒక చుట్టు తిరిగినప్పుడు కొంత లోపలికి దిగినట్లే, ప్రొపెల్లరు కూడా ఒక చుట్టులో గాలిలో కొంత ముందుకు సాగుతుంది. గాలి గట్టి పదార్థమైతే ఒక చుట్టుకు ఎంత దూరము సాగునో ఆ దూరమునే పిచ్ అంటారు. బ్లేడు కొన భాగము మొదలుకంటే ఎక్కువ వేగముతో తిరుగుతుంది కనుక బ్లేడును మెలి తిరిగినట్లు తయారు చేస్తారు. కోణము మొదట్లో ఎక్కువగాను, కొనవద్ద తక్కువగాను ఉంటుంది. అందువలన కోణమును చెప్పేటప్పుడు బ్లేడుపై ఏ స్థానమున కొలిచినదీ చెప్పవలెను. సాధారణముగా కేంద్రము నుండి వ్యాసార్ధములో 75 శాతము దూరమున కొలుస్తారు. కొందరు తయారీదారులు వేరే స్థానమును సూచిస్తారు.

ఉదాహరణకు 1.7 మీటర్ల వ్యాసము గల ప్రొపెల్లరుకు ఆ స్థానమున కోణము 15 డిగ్రీలు అయితే పిచ్ సుమారు 1.07 మీటర్లు. అది నిమిషానికి 2400 చుట్లు తిరిగితే, లెక్క ప్రకారము విమానము గంటకు సుమారు 154 కిలోమీటర్ల వేగముతో సాగవలెను. గాలి జారిపోవుట వలన అసలు వేగము ఇంతకంటే తక్కువగా ఉంటుంది. కోణమును 16 డిగ్రీలకు పెంచితే పిచ్ 1.15 మీటర్లకు చేరుతుంది. అనగా ఒక్క డిగ్రీకి సుమారు 7 శాతము మార్పు.

తక్కువ పిచ్, ఎక్కువ పిచ్

పిచ్ తక్కువైతే ఇంజనుపై భారము తగ్గి అది సులువుగా పూర్తి వేగమును అందుకుంటుంది. విమానము త్వరగా పైకి లేస్తుంది. కాని సమతలములో పూర్తి థ్రాటిల్‌తో ఎగిరేటప్పుడు ఇంజను తన పరిమితిని మించి తిరిగే ప్రమాదము ఉన్నది. పిచ్ ఎక్కువైతే ప్రయాణ వేగము, ఇంధన పొదుపు మెరుగవుతాయి. కాని బయలుదేరేటప్పుడు ఇంజను మూలుగుతూ పూర్తి శక్తిని ఇవ్వలేదు, రన్‌వే ఎక్కువ కావలసి వస్తుంది. సైకిలును ఎత్తైన గేరులో ఉంచి ఎత్తు ఎక్కుటకు ప్రయత్నించుట వంటిదే ఇది.

రకాలు

* స్థిర పిచ్: బ్లేడ్లు, హబ్ ఒకే ముక్కగా ఉంటాయి. కోణమును మార్చుటకు వీలు లేదు.
* భూమిపై అమర్చదగినది: ఇంజను ఆపి, హబ్ బోల్టులు వదులు చేసి కోణమును మార్చవచ్చు. మైక్రోలైట్ విమానాలలో ఇవి ఎక్కువ.
* స్థిర వేగ ప్రొపెల్లరు: గవర్నరు అనే సాధనము ఎగురుతుండగానే కోణమును తనంతట తాను సర్దుతుంది. హైదరాబాదు సమీపమున దుండిగల్ వాయుసేన అకాడమీలో 2013లో శిక్షణకు ప్రవేశపెట్టిన పిలాటస్ పీసీ-7 మార్క్ 2 విమానాలకు ఈ రకము ప్రొపెల్లరు ఉన్నది.

అమర్చు విధానము

ఈ పని తయారీదారుల పుస్తకము ప్రకారము, అర్హత గల ఇంజనీరు చేయవలెను.

1. ఇగ్నిషన్ ఆపి, తాళము తీసి, బ్యాటరీ కనెక్షను విడదీసి, చక్రాలకు అడ్డుదిమ్మలు పెట్టవలెను. ఇగ్నిషన్ వైరులో లోపము ఉంటే చేతితో త్రిప్పినా ఇంజను అంటుకొనవచ్చును. కనుక ప్రొపెల్లరును ఎల్లప్పుడూ ప్రాణమున్న దానివలెనే చూడవలెను.
2. ఒక బ్లేడును నేలకు సమాంతరముగా నిలిపి, కోణమాపకమును హబ్ ముఖముపై ఆనించి సున్నా చేయవలెను.
3. నిర్ణీత స్థానమున గుర్తు పెట్టి, బోల్టులను అవసరమైనంత మాత్రమే వదులు చేసి, బ్లేడును కావలసిన కోణమునకు త్రిప్పవలెను.
4. మిగిలిన బ్లేడ్లను ఒక్కొక్కటిగా అదే స్థితికి తెచ్చి అదే విధముగా అమర్చవలెను. బ్లేడ్ల మధ్య తేడా ఉంటే విమానము అదురుతుంది.
5. బోల్టులను టార్క్ రెంచితో, చెప్పిన వరుసలో బిగించి కోణములను మరల కొలవవలెను. బిగించేటప్పుడు అవి కొద్దిగా మారుట సహజము.
6. విమానమును గాలికి ఎదురుగా కట్టివేసి, పూర్తి థ్రాటిల్‌లో ఇంజను చుట్లను పుస్తకములోని సంఖ్యతో పోల్చవలెను. తరువాత ఎగిరి చూసి, సమతలములో పరిమితి దాటుట లేదని నిర్ధారించుకొని, లాగ్ పుస్తకములో నమోదు చేయవలెను.

చెక్క ప్రొపెల్లరు వానాకాలపు తేమకు ఉబ్బి, ఎండాకాలములో కుంచించుకొనుట వలన బోల్టుల బిగింపు మారుతుంది. ఋతువు మారినప్పుడు దానిని మరల పరీక్షించవలెను.

వరంగల్ మామునూరు, వేసవి వేడి

వరంగల్ సమీపమున ఖమ్మం రహదారిపై గల మామునూరు విమానాశ్రయము నిజాము మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలములో, 1930లో ఏర్పడినది. 1981 వరకు వాడుకలో ఉన్నది. దీని పునరుద్ధరణకు కేంద్ర ప్రభుత్వము 2025 ఫిబ్రవరిలో అనుమతి ఇచ్చినది.

ఈ మైదానము సముద్ర మట్టానికి సుమారు 280 మీటర్ల ఎత్తున ఉన్నది. మే నెల మధ్యాహ్నము ఉష్ణోగ్రత 44 డిగ్రీల సెల్సియస్ అయితే, ఇక్కడి గాలి సాంద్రత సముద్ర మట్టపు ప్రామాణిక విలువకంటే సుమారు 12 శాతము తక్కువ. అనగా విమానము దాదాపు 1300 మీటర్ల ఎత్తున ఉన్నట్లు ప్రవర్తిస్తుంది.

ఇక్కడ ఒక విషయము గమనింపదగినది. పలుచని గాలిలో ఇంజను శక్తి తగ్గుతుంది, ప్రొపెల్లరుపై గాలి భారమూ తగ్గుతుంది. రెండూ దాదాపు ఒకే పాళ్ళలో తగ్గుట వలన ఇంజను చుట్లు మామూలుగానే కనబడతాయి, ముందుకు నెట్టే బలము మాత్రము తగ్గి ఉంటుంది. టాకోమీటరును మాత్రమే నమ్మిన పైలటుకు ఈ లోటు రన్‌వే చివరలో గాని తెలియదు. పిచ్ మరికొంత తగ్గించినా ఇది పూర్తిగా తీరదు, పైగా గాలిలో ఇంజను అతివేగముగా తిరిగే ప్రమాదము పెరుగుతుంది. పిచ్ ఉన్న శక్తిని పంచుతుందే గాని కొత్త శక్తిని పుట్టించదు. కనుక బరువు తగ్గించుట, చల్లని ఉదయ వేళ ఎగురుట సరియైన మార్గాలు.

చరిత్ర

1903లో రైట్ సోదరులు వాడిన చెక్క ప్రొపెల్లర్లకు పిచ్ స్థిరముగా ఉండేది. 1927లో చార్లెస్ లిండ్‌బర్గ్ న్యూయార్క్ నుండి పారిస్‌కు ఒంటరిగా ఎగిరిన స్పిరిట్ ఆఫ్ సెయింట్ లూయిస్ విమానానికి భూమిపై అమర్చదగిన లోహపు ప్రొపెల్లరు ఉండేది. దూర ప్రయాణములో ఇంధనము ఆదా అగుటకై దాని కోణమును 16.25 డిగ్రీల వద్ద నిలిపారు. దీనికి ప్రతిగా బయలుదేరేటప్పటి బలము కొంత తగ్గినది. ఇంధన భారముతో, తడి నేలపై పరుగెత్తిన ఆ విమానము రన్‌వే చివరనున్న టెలిఫోను తీగలను కొద్ది ఎత్తులో దాటగలిగినది. ఎగురుతుండగా పిచ్ మార్చగల ప్రొపెల్లరును అభివృద్ధి చేసినందుకు హామిల్టన్ స్టాండర్డ్ సంస్థకు, ముఖ్యముగా ఇంజనీరు ఫ్రాంక్ కాల్డ్‌వెల్ కృషికి గుర్తింపుగా, 1933 సంవత్సరపు కోలియర్ ట్రోఫీ లభించినది. ఆ తరువాత పెద్ద విమానాలలో భూమిపై అమర్చే ప్రొపెల్లర్లు తగ్గిపోయినవి. తక్కువ బరువు, తక్కువ ఖర్చు, సులభమైన నిర్మాణము వలన చిన్న విమానాలలో నేటికీ కొనసాగుతున్నవి.